బాస్ లేని చెరువులో ప్లాస్టిక్ వానపాము

ఉత్తర అమెరికా తూర్పు భాగపు మంచినీళ్లలో పెరిగే పెద్దనోటి బాస్ చేప కోసం తయారైన మెత్తటి ప్లాస్టిక్ వానపాము ఇప్పుడు ఆర్డరు పెడితే ఛత్తీస్‌గఢ్‌లోని కుమ్హారిలో ఇంటి గుమ్మం దాకా వస్తుంది. దాన్ని గాలానికి ఎలా గుచ్చాలి, నీళ్లలో ఎలా లాగాలి అన్న పాఠాలూ దాని వెంటే వస్తున్నాయి. ఆ పాఠాలన్నీ బాస్ స్వభావం చుట్టూ అల్లుకున్నవి. రాయపూర్‌కీ భిలాయికీ నడుమ, ఖారూన్ నదికి పడమటి వైపున్న ఈ ఊరి చుట్టుపట్ల బాస్ అన్నదే లేదు. ఇక్కడి చెరువుల్లో వేటాడి తినే చేపలు చాలానే ఉన్నా గాలం వేసేవారి మనసంతా కొర్రమీను మీదే ఉంటుంది. అందుకని అసలు ప్రశ్న ఇది: పరాయి చేప కోసం పుట్టిన విద్యలో ఎంత భాగం మన చేపకు పనికొస్తుంది? చాలా కొద్ది భాగమే పనికొస్తుందని నా అభిప్రాయం. ముల్లు మొనను ఎర ఒంట్లో దాచే ఉపాయం, చేప స్వభావానికి తగ్గట్టు లాగే వేగాన్ని మార్చుకునే ఓపిక నిలుస్తాయి. బరువుల లెక్కలు, రంగుల పట్టికలు, పేరున్న కంపెనీల మోజు చాలావరకు ఇక్కడ అక్కరకు రావు. ఆ నిలిచే కొద్ది భాగానికి కూడా రెండు షరతులు పెట్టుకోక తప్పదు.

ముందు ఈ ఎర ఎక్కడిదో చూడాలి. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన వినైల్‌తో వానపాము ఆకారంలో మెత్తటి ఎరను పోత పోసి అమ్మకానికి పెట్టాడు. తర్వాత ఆ కంపెనీ టెక్సస్‌లోని టైలర్ పట్టణానికి తరలింది. మొదట్లో ఆ పురుగులకు ముళ్లు బయటికే ఉండేవి. ఆనకట్టలు కట్టి అడవుల్ని ముంచేసిన కొత్త జలాశయాల్లో అలాంటి ఎర వేస్తే ప్రతి విసురుకీ ఏదో ఒక కొమ్మకు తగులుకునేది. ఆ ఇబ్బందికి విరుగుడుగా ముల్లు మొనను తిరిగి ఎర ఒంట్లోకే గుచ్చి దాచే పద్ధతి పుట్టింది. దానికే టెక్సస్ రిగ్ అని పేరు. నా వాదానికి మూలం ఇక్కడే ఉంది. ప్లాస్టిక్ వానపాముకు ఇంత పేరు తెచ్చిపెట్టింది దాని ఆకారం కాదు, అడ్డంకులున్న నీళ్లలోకి ముల్లును దాచి పంపగలగడం. ఆ అడ్డంకి టెక్సస్‌లో మునిగిన చెట్టు, కుమ్హారి చుట్టుపక్కల తామర కాడ, గుర్రపుడెక్క, జమ్ము. చేప మారింది గానీ నీళ్ల చిక్కు మారలేదు. కాబట్టి ఈ ఒక్క ఉపాయం సముద్రాలు దాటినా చెల్లుతుంది.

లాగే విద్య అలా చెల్లదు, ఎందుకంటే అది చేపను బట్టి ఏర్పడింది. బాస్ తన పెద్ద నోటిని ఒక్కసారిగా తెరిచి నీళ్లతో పాటు ఎరను లోపలికి పీల్చుకుంటుంది. దారం మీద అది చిన్న తట్టులా తెలుస్తుంది. ఎర మెత్తగా ఉంటే ఇంకొన్ని క్షణాలు నోట్లో ఉంచుకుంటుంది కూడా. కొర్రమీను ఎక్కువగా కొరికి పట్టే చేప. గట్టి దవడలు, పదునైన పళ్లు, ఎర తోకను తెంపుకుపోయే అలవాటు దానివి. అంతకంటే ముఖ్యమైన తేడా ఊపిరిలో ఉంది. కొర్రమీను మొప్పల మీదే ఆధారపడి బతకలేదు. తల లోపల మొప్పల పైన ఉండే ప్రత్యేక అరల్లోకి గాలి తీసుకోవడానికి మాటిమాటికీ పైకి రావలసిందే. రాలేకపోతే నీళ్లలో ఉన్న చేపే మునిగి చస్తుంది. ఈ లక్షణం వల్లే ఎండాకాలంలో ఆక్సిజన్ అడుగంటిన చెరువులో కూడా అది హాయిగా వేటాడగలదు. అలాంటి నీళ్లలో బాస్ ఊపిరాడక అల్లాడుతుంది. అంటే బాస్ ఎప్పుడు, ఎంత లోతున ఉంటుందో చెప్పే అమెరికా లెక్కలు ఇక్కడ మొదటి మెట్టులోనే తప్పుతాయి.

ఇక నీళ్ల సంగతి. దుర్గ్ జిల్లా పల్లెల్లో తరియా అని పిలుచుకునే చెరువులు ఊరూరా ఉన్నాయి. మనుషుల స్నానాలు, పశువుల దాహం, దేవుడి నిమజ్జనాలు, చేపల పెంపకం అన్నీ అక్కడే. అడుగున మెత్తటి బురద, అంచుల్లో కలుపు, ఒకవైపు మెట్ల రేవు ఉంటాయి. పక్కనే పారే ఖారూన్ శివనాథ్‌లో కలుస్తుంది, శివనాథ్ మహానదిలో కలుస్తుంది. ఇంకాస్త దూరం పోతే తాండులా, గంగ్రెల్ వంటి పెద్ద జలాశయాలున్నాయి. ఉక్కు కర్మాగారం పనుల కోసం 1950ల చివరి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి భిలాయి చేరిన కుటుంబాలు నాగావళి, వంశధార ఒడ్డుల గాలం అలవాటును వెంట తెచ్చుకున్నాయి. బెండు కట్టి, ఎర్ర గుచ్చి, చేప వచ్చేదాకా గట్టు మీద కూర్చోవడం ఆ అలవాటు. ప్లాస్టిక్ వానపాము దానికి పూర్తిగా తలకిందులు. దానికి వాసనా లేదు, ప్రాణమూ లేదు. చేతి కదలిక ఆగితే అది నీళ్లలో పడిన చెత్తతో సమానం. కనక పాత గాలం నుంచి కొత్తదానికి మారినవారు ముందు నేర్చుకోవలసింది చేప కోసం ఎదురుచూడడం కాదు, చేప ఉన్న చోటికి ఎరను నడిపించడం.

గుచ్చే పద్ధతుల్లో టెక్సస్ రిగ్‌నే వివరంగా చెప్పాలి, తక్కినవి అంత స్థలానికి అర్హమైనవి కావు. 6 నుంచి 7 అంగుళాల పురుగుకు 4/0 కొలత వెడల్పు వంపు ముల్లు చాలు. కొనను పురుగు తలలో అర అంగుళం లోపే దించి పక్కకు తీసి, ముల్లు కన్ను పురుగు తల దగ్గరకు వచ్చేదాకా లాగి, మొన పురుగు వైపు ఉండేలా ముల్లును తిప్పాలి. వంపు పురుగు ఒంటి మీద ఎక్కడ ఆనుతుందో కొలుచుకుని సరిగ్గా అక్కడే మొనను ఒంట్లోకి గుచ్చి దాచాలి. పురుగు నిటారుగా వేలాడితే గుచ్చడం కుదిరినట్టు. కాస్త ముడుచుకున్నా, వంగినా లాగేటప్పుడు గిర్రున తిరుగుతుంది, దారం మెలిపడుతుంది, చేప అనుమానిస్తుంది. ఇక్కడ కొర్రమీను కోసం ఒక చిన్న మార్పు అవసరం. దాని నోరు ఎముకగట్టిది. మొన ముందు ప్లాస్టిక్‌ను చీల్చి, ఆ తర్వాత ఆ గట్టి నోట్లో దిగాలంటే సగం బలం దారిలోనే పోతుంది. అందువల్ల మొనను ఒంటి నడుమ వదిలేయకుండా అవతలికి పొడుచుకొచ్చేలా తీసి, వీపు మీది పలుచని పొర కింద మాత్రమే దాచాలి. తామరాకు తగిలితే బయటపడకూడదు, దవడ నొక్కితే వెంటనే బయటపడాలి. కొర్రమీను వేటలో గెలుపోటములు ఈ పలుచని పొర దగ్గరే తేలిపోతాయి.

తక్కిన పద్ధతులను ఈ నీళ్ల కొలతతోనే తూచాలి. బరువైన సీసపు గుండును ఎరకు రెండు మూడడుగుల ముందు కట్టే కరోలినా రిగ్ రాతినేల, గులకనేల ఉన్న లోతైన జలాశయానికి తగినది. చెరువు బురదలో గుండు కూరుకుపోయి ఎరను కూడా ఈడ్చేస్తుంది. పురుగును నడుముకు గుచ్చి రెండు కొసలూ వణికేలా వదిలే వాకీ రిగ్ అందంగా పనిచేస్తుంది గానీ ముల్లు బయటే ఉంటుంది కాబట్టి మెట్ల రేవు దగ్గరి ఖాళీ నీళ్లకే పరిమితం. పైగా దారం వదులుగా ఉండగా ఎర కిందికి దిగుతుంది కనక చేప దాన్ని గొంతు దాకా మింగే ప్రమాదం ఎక్కువ. గుండును అడుగున, ముల్లును పైన కట్టే డ్రాప్ షాట్ పడవ మీంచి నిలువుగా దింపేవారికి ఉద్దేశించినది, గట్టు మీంచి విసిరేవారికి దాంతో పెద్దగా పని పడదు. చిన్న జిగ్ తలకు పొట్టి పురుగు గుచ్చే పద్ధతి ఖారూన్ మీద చిన్న ఆనకట్టల దిగువ రాళ్ల మధ్య బాగుంటుంది. చెరువుకు మాత్రం బరువు పూర్తిగా తీసేసిన టెక్సస్ రిగ్గే మేలు. గాలి ఎదురుగా ఉండి విసురు అందకపోతే ముల్లు పొట్టకే అతికిన కొద్దిపాటి బరువు సరిపోతుంది. దారం దగ్గర పొదుపు కూడదు. కలుపులోంచి చేపను ఈడ్చుకు రావాలంటే 30 పౌండ్ల అల్లిక దారం, గట్టి రాడ్ కావాలి. సన్నని దారం తెగితే నోట్లో ముల్లుతో పారిపోయేది చేప.

లాగే పద్ధతికి వస్తే, బాస్ వేటగాళ్ల మొదటి సూత్రం పురుగును కదిలించేది రాడ్ అని, రీలు వదులు దారాన్ని చుట్టుకోవడానికేనని. రాడ్‌తో ఒక అడుగు ఈడ్చి, ఆపి, దిగనిచ్చి, మళ్లీ ఈడుస్తారు. అడుగున నెమ్మదిగా పాకే ఎరను బాస్ దగ్గరికొచ్చి పరీక్షించి పీల్చుకుంటుంది. కొర్రమీను తరచుగా పైకి చూసి వేటాడుతుంది. కప్ప దూకినా, ఎలుక ఈదినా, మిడత పడినా దాని ఆకలి కదిలేది నీటి పైపొర మీదే. అందుకే వేసవిలో, వానాకాలపు మొదట్లో పురుగును పైపొర మీద చిన్న అల లేచేలా ఆపకుండా చుట్టడమే సరైన పద్ధతి. తోక తెడ్డులా ఊగే రకాన్ని ఎంచుకుంటే ఆ అల తేలిగ్గా లేస్తుంది. అయితే బాస్ పాఠంలోని ఆగడం అన్నది పూర్తిగా వృథా కాదు. చేప ఒకసారి ఎగబడి తప్పిపోతే వెంటనే ఎరను లాగేసుకోవడం సహజమైన తొందర. ఆ క్షణంలో ఆపి, తామరాకుల మధ్య ఉన్న కంతలోకి పురుగును దిగనిస్తే అది తిరిగి వచ్చి పట్టే అవకాశం బాగా పెరుగుతుంది. డిసెంబరు, జనవరి చలిలో చేప మందగించినప్పుడు మాత్రం అమెరికా పాఠాన్ని దాదాపు యథాతథంగా తీసుకోవచ్చు. చల్లటి నీళ్లలో నెమ్మదిగా, అంచుల్లో, అడుగుకు దగ్గరగా లాగడం రెండు చేపలకూ వర్తిస్తుంది.

ఊపిరి తీసుకునే అలవాటు వేటగాడికి ఒక గుర్తు కూడా ఇస్తుంది. చేప పైకి వచ్చి గాలి మింగిన చోట నీటిమీద వలయం మిగులుతుంది. ఎరను సరిగ్గా ఆ వలయం మధ్యలో పడేస్తే చేప బెదిరిపోతుంది. రెండు మూడడుగులు అవతల వేసి, వలయం పక్కగా దాటించాలి. పట్టిన తర్వాత ఎప్పుడు గుంజాలన్నది ఎడతెగని చర్చ. కప్ప ఆకారంలో చేసిన బోలు ఎరతో ఒక్క క్షణం ఆగమంటారు. అది సబబే, ఎందుకంటే కప్ప నోట్లో పూర్తిగా పడి నలిగితేనే దాని ముళ్లు బయటికొస్తాయి. సన్నటి పురుగుకు అంత ఆలస్యం అక్కర్లేదు. దారం బిగిసి బరువు తెలిసిన వెంటనే గట్టిగా గుంజాలి. ఆలస్యం చేస్తే తోక పోతుంది, లేదా ముల్లు గొంతులోకి దిగుతుంది. రెండోది జరిగితే ఆ చేపను తిరిగి వదిలినా బతుకుతుందన్న నమ్మకం ఉండదు.

రంగుల గురించి ఇంత చర్చ ఎందుకు నడుస్తోందో అర్థం కాదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పెద్దనోటి బాస్ కంట్లో రంగులు గుర్తించే కణాలు రెండు రకాలే. ఎరుపును, ఆకుపచ్చను అది బాగానే వేరు చేస్తుంది గానీ నలుపుకూ ముదురు నీలానికీ తేడా పోల్చుకోలేదు. పొట్లాల మీద ఆ రెంటినీ వేర్వేరు రకాలుగా అమ్ముతూనే ఉన్నారు. ఎవరి కోసం ఈ ఎర తయారైందో ఆ చేపకే పట్టని తేడాలకు మన చెరువులో డబ్బు పోయడం దండగ. వానాకాలపు ఎర్రనీళ్లలో ఆకారం స్పష్టంగా కనబడే ముదురు రంగు ఒకటి, చలికాలపు తేటనీళ్లలో ఆకుపచ్చ ఛాయ ఒకటి ఉంటే చాలు. మిగిలిన డబ్బు మంచి ముళ్లకు పెట్టుకోవడం మేలు.

ఇన్ని తంటాలెందుకు, గట్టున తవ్వితే ఊరికే దొరికే ఎర్ర ఉండగా ప్లాస్టిక్ కొనడమెందుకు అని అడిగేవారున్నారు. ఎర్రకు వాసన ఉంది, ప్రాణముంది, ఖర్చు లేదు. ఆ మాట నిజమే. కానీ ఎర్ర ఎవరినీ ఎంచుకోదు. చిన్నచిన్న పరకల నుంచి పెంపకపు చేప పిల్లల దాకా అన్నిటినీ పిలుస్తుంది, పైగా కదలకుండా ఉన్న ఎరను చేపలు తీరిగ్గా మింగుతాయి. మింగిన ముల్లు పొట్టలో ఉంటుంది. కదులుతూ పోయే ఎరను కొర్రమీను ఎగబడి పట్టినప్పుడు ముల్లు ఎక్కువగా పెదవి, దవడ దగ్గరే దిగుతుంది. బతికున్న కప్పను గుచ్చే అలవాటైతే ఇంకా అన్యాయం. పంటపొలాల్లో పురుగుల్ని తినే కప్పలు తరిగిపోతున్నాయనే 1987లో భారత ప్రభుత్వం కప్పకాళ్ల ఎగుమతిని నిషేధించింది. ఛత్తీస్‌గఢ్ వంటి వరి ప్రాంతంలో కప్పను ఎరగా చంపడానికి ఏ సమర్థనా లేదు. ఈ లెక్కలో ప్లాస్టిక్ పురుగు వైపే త్రాసు మొగ్గుతుంది.

అయితే ప్లాస్టిక్ అన్న మాటే అసలు అభ్యంతరం, దీన్ని తేలిగ్గా దాటవేయలేం. ఈ పురుగుల్లో ఎక్కువ భాగం పాలీవినైల్ క్లోరైడ్ పొడిని మెత్తబరిచే నూనెలో కలిపి వేడిచేసి పోసినవి. ఆ మెత్తదనానికి వాడే థాలేట్ల కుటుంబంలో కొన్ని పదార్థాలు పిల్లల బొమ్మల్లో 0.1 శాతానికి మించకూడదని అమెరికా 2008లోనే చట్టం చేసింది. బొమ్మకు వద్దన్న పదార్థం చేప పొట్టలోకి పోతే ఏమవుతుంది? 2009లో వెలువడిన ఒక ప్రయోగంలో బ్రూక్ ట్రౌట్ చేపలు పడేసిన మెత్తటి ఎరల్ని వాటంతట అవే మింగాయి, అవి పొట్టలో ఉండిపోయి చేపల ఎదుగుదల దెబ్బతింది. కెనడాలోని ఒంటారియోలో 2014లో వచ్చిన మరో అధ్యయనంలో రెండేళ్లు నీళ్లలో ఉంచిన ఎరలు కుళ్లిపోకపోగా ఉబ్బాయి. అదే అధ్యయనంలో సరస్సు చేపల పొట్టలు చూస్తే ఎర దొరికినవి కొద్ది శాతమే. 2013లో మెయిన్ రాష్ట్రంలో రబ్బరు ఎరల నిషేధం కోసం బిల్లు వచ్చి, చర్చ తర్వాత నిషేధం లేకుండానే ముగిసింది. ఈ సాక్ష్యాలన్నిటినీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: పెద్ద సరస్సులో ప్రమాదం కొద్దిగా కనిపించినా, ఎండాకాలంలో గుంటంతగా కుంగిపోయే పల్లె చెరువులో, అదీ జనం స్నానం చేసి పశువులు నీళ్లు తాగే చోట, ఆ లెక్క చెల్లదు. అందుకే మొదటి షరతు: తెగిన ప్రతి ముక్కనూ జేబులో వేసుకుని ఇంటికి తెచ్చే క్రమశిక్షణ లేనివారు ఈ ఎరను ముట్టుకోకూడదు. కొర్రమీను పళ్లకు పురుగు ఊరికే చిరుగుతుంది కాబట్టి సాగే గుణమున్న రకాలు కొనడం, చిరిగినదాన్ని అతికించుకోవడం కూడా దీనిలో భాగమే.

మరో అభ్యంతరం చెరువు మీద బతికేవారిది. పల్లె చెరువులను పంచాయతీలు మత్స్యకార సంఘాలకు, బృందాలకు లీజుకిస్తాయి. బొచ్చె, రోహు, మోసు పిల్లల్ని కొని వదిలి, నెలల తరబడి కాపు కాసేది వాళ్లు. అనుమతి లేకుండా గట్టున నిలబడి గాలం వేయడం వాళ్ల పంటలో చెయ్యి పెట్టడమే, ఆ చేప తిరిగి వదిలినదైనా సరే. కానీ ఇక్కడే ఇద్దరికీ పొత్తు కుదిరే చోటు ఉంది. పెంపకపు చెరువుకు కొర్రమీను శత్రువు, పిల్లల్ని తినేస్తుంది. పిల్లలు వదిలే ముందు ఇలాంటి వేటచేపల్ని నిర్మూలించడానికి హెక్టారుకు 2,500 కిలోల వరకు ఇప్ప చెక్క చల్లడం మన దేశంలో స్థిరపడిన పద్ధతి. అందులోని సపోనిన్ చేపల రక్తాన్ని దెబ్బతీస్తుంది, ఆ మందుకు మంచీ చెడూ తెలియదు. లీజుదారుతో మాట్లాడుకుని, ఒంటిముల్లు పురుగుతో కొర్రమీనును మాత్రమే ఏరి తీసేవాడు ఆ చెరువుకు మేలే చేస్తాడు. పట్టిన చేపను వదిలేయడమే ధర్మమన్న అమెరికా నియమాన్ని ఇలాంటి చెరువులో పట్టుకు వేలాడనక్కర్లేదు. నదిలో, ఎవరూ పెంచని పాత చెరువులో మాత్రం వదలడమే మంచిది. వదిలేటప్పుడు చేపను తడిచేతులతో పట్టాలి, కాలే గట్టు మీద పడేయకూడదు, పైకి గాలి అందకుండా వలసంచిలో ముంచి ఉంచకూడదు.

బాస్ మీద మోజు ముదిరి ఆ చేపనే ఇక్కడికి తెచ్చి పెంచాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే జపాన్‌ను చూడాలి. ప్రపంచ రికార్డు బాస్‌ను 1932లో జార్జియాలో జార్జ్ పెరీ పట్టాడు, తూకం 22 పౌండ్ల 4 ఔన్సులు. దానికి సాటివచ్చే చేప 2009లో జపాన్‌లోని బివా సరస్సులో దొరికింది. వేటగాళ్లు అంతగా పొగిడే ఆ చేపనే జపాన్ 2005లో హానికర పరదేశీ జీవిగా చట్టంలో చేర్చింది, ఎందుకంటే అది సొంత చేపల్ని మింగేస్తోంది. అటువైపు 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ చెరువులో మన కొర్రమీనుకు దాయాది అయిన ఉత్తరాది స్నేక్‌హెడ్ కనబడగానే అమెరికా కలవరపడి ఆ జాతుల దిగుమతిని ఆపింది. విద్యను అరువు తెచ్చుకోవచ్చు, చేపను తెచ్చుకోకూడదు.

రెండో షరతు పిల్లల కాపుదలకు సంబంధించినది. బాస్‌లో మగచేప గూడు కాస్తుంది. డేవిడ్ ఫిలిప్, ఆయన సహచరులు 1997లో ప్రచురించిన పరిశోధన గూడు కాసే మగచేపను గాలంతో పట్టి కొద్దిసేపట్లోనే వదిలినా గుడ్లకూ పిల్లలకూ నష్టం తప్పదని చూపింది. ఆ కాస్త ఖాళీలోనే వేరే చేపలు వచ్చి తినేస్తాయి. కొర్రమీనులో తల్లీతండ్రీ రెండూ ఎర్రటి పిల్లల గుంపు కిందే తిరుగుతూ దగ్గరకొచ్చిన ప్రతిదాని మీదా విరుచుకుపడతాయి. ఆ గుంపు మధ్యలోంచి పురుగును లాగితే పెద్దచేప పట్టడం ఖాయం, అందుకే చాలామంది అదే చేస్తారు. అది ఆకలితో వేసిన కాటు కాదు. ఆ చేపను ఎత్తేస్తే వందలాది పిల్లలు దిక్కులేనివవుతాయి. ఛత్తీస్‌గఢ్‌లో నదుల్లో, జలాశయాల్లో జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు చేపల వేట నిషేధం. నదీ నాలాలతో సంబంధం లేని చెరువులకు మాత్రం ఆ నియమం మినహాయింపు ఇస్తుంది. కొర్రమీను వానాకాలంలో ఎక్కువగా పిల్లలు పెట్టేది ఆ మినహాయింపు పొందిన చెరువుల్లోనే, వరిమళ్లలోనే. చట్టం అడగకపోయినా కుమ్హారి, భిలాయి, దుర్గ్ గాలం మిత్రులు ఆ రెండు నెలలూ చెరువుల్లో కూడా రాడ్ పక్కన పెట్టాలి, ఆ తర్వాత కూడా ఎర్రటి గుంపు కనబడిన చోట ఎర వేయకూడదు.